చూరు కింద, గోడ మూలన సీసీ కెమెరాలు: మేం వాడిన బ్రాకెట్లు, వాటిని బిగించిన కుర్రాడి పనితనం

మాది కోనసీమండి, అమలాపురం దాటి ఓడలరేవు వైపు వెళ్తుంటే వచ్చే ఒక పల్లె, సముద్రం ఏడెనిమిది కిలోమీటర్లుంటుంది. ఇల్లు మా తాతగారు కట్టించిన మండువా లోగిలి, పెంకుటిల్లు, దానికి ఆనుకుని నాన్నగారు తర్వాత వేసిన రెండు స్లాబు గదులు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అక్కడ అమ్మా నాన్నగారూ ఇద్దరే. 2025 వేసవిలో దొడ్లో నుయ్యి దగ్గరున్న మోటారు రాత్రికి రాత్రి విప్పుకుపోయారు, పైపు కోసేసి మరీ, పొద్దున్నే అమ్మ ట్యాపు తిప్పితే నీళ్ళు రాలేదు, వెళ్ళి చూస్తే సిమెంటు దిమ్మ ఒక్కటే ఉంది. మోటారు పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుంటాం, కానీ ఆ రాత్రి రెండు గంటలప్పుడు అమ్మ లేచి దొడ్డి గుమ్మం దాకా వెళ్ళి వచ్చిందట, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అందుకే కెమెరాలు పెట్టించాం.

కెమెరాల గురించి పెద్దగా రాయను, 2 మెగాపిక్సెల్ మామూలు బుల్లెట్ కెమెరాలు, అంటే గొట్టంలా పొడుగ్గా ఉండేవి, బొమ్మ రికార్డు చేసే డబ్బా డీవీఆర్‌తో కలిపి ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి. నేను రాస్తున్నది వాటిని పట్టుకుని నిలబెట్టిన ఇనుప ముక్కల గురించి, వాటిని బిగించిన కుర్రాడి గురించి. ఎందుకంటే దాదాపు అవే కెమెరాలు, అదే డీవీఆర్, జూన్‌లో ఎందుకూ పనికిరాలేదు, ఆగస్టులో కళ్ళకి కట్టినట్టు చూపించాయి, మధ్యలో ముఖ్యంగా మారింది బిగించిన చోటూ బ్రాకెట్టూ. బ్రాకెట్లు ఆన్‌లైన్‌లో కొన్నాను, వాటి మీద కంపెనీ పేరంటూ ఏమీ లేదు, తెల్ల అట్టపెట్టెలో ఒక చిన్న కవరు స్క్రూలతో వచ్చాయి, అందుకని పేరు చెప్పలేను, ఆకారం చెప్తాను, పోల్చుకోండి.

ముందు మొదటి బిగింపు సంగతి. వాళ్ళెవరో ఇక్కడ అనవసరం. ఇద్దరు వచ్చారు, పొద్దున పదింటికి మొదలుపెట్టి మూడింటికల్లా నాలుగు కెమెరాలు కొట్టేసి, ఫోన్లో బొమ్మ చూపించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయారు. పగలు బొమ్మ బ్రహ్మాండంగా ఉంది కాబట్టి మేమూ ఏం అడగలేదు. ఒకటి వీధి అరుగు మీద చూరు కింద, పెంకు అంచుకి ఆనుకుని ఉన్న రీపరుకే, అంటే పెంకుల కింద సన్న కర్రకే, నేరుగా స్క్రూలు. రెండోది స్లాబు గది వీధి మూల దగ్గర, మూలకి జానెడు ఇవతల గోడకి. మూడోది దొడ్డి గుమ్మం పైన సన్‌షేడ్ కింద. నాలుగోది నుయ్యి వైపు చూడ్డానికని ఏకంగా కొబ్బరిచెట్టుకి మేకులు కొట్టి పెట్టారు. మా వైపు ఇలా చెట్లకి కొట్టడం చాలా చోట్ల చూశాను, దయచేసి ఒప్పుకోకండి, చెట్టుకి గాయం అవుతుంది, గాలేస్తే చెట్టుతో పాటు బొమ్మ ఊగుతుంది, బొమ్మ ఊగితే డీవీఆర్ దాన్ని కదలిక అనుకుని రాత్రంతా ఫోన్‌కి అలారం పంపిస్తూనే ఉంటుంది, మూడు రోజులు చూసి నేను ఆ అలారం ఆపేశాను, అలారం ఆపేశాక ఇంక ఆ కెమెరా ఉన్నా లేకపోయినా ఒకటే కదా.

అసలు దెబ్బ చూరు కెమెరాది. నేను హైదరాబాద్ వచ్చేశాక ఒక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ తెరిచి చూస్తే, బొమ్మలో పై సగం సున్నం కొట్టినట్టు తెల్లగా మెరిసిపోతోంది, పెంకు అంచు మీద నాచు మరకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు, కింద సగం బొగ్గు. నాన్నగారికి ఫోన్ చేసి ఒకసారి అరుగు మీదకి రండి అన్నాను. వచ్చారు, గేటు దాకా నడిచారు, వెనక్కి తిరిగి వచ్చారు. నాకు కనపడింది ఆయన చేతిలో టార్చి లైటు ఒక్కటే, చీకట్లో చుక్కలాగ వెళ్ళింది, వచ్చింది. "కనపడుతున్నానా, చెయ్యి ఊపుతున్నాను చూడు" అంటున్నారు ఆయన. నాకు ఆ చెయ్యీ కనపడలేదు, మనిషీ కనపడలేదు.

ఎందుకలా అవుతుందో తర్వాత తెలిసింది. రాత్రి పూట ఈ కెమెరాలు వాటి ముందున్న ఇన్‌ఫ్రారెడ్ లైట్ల వెలుగులో చూస్తాయి, మామూలుగా 850 నానోమీటర్ల లైట్లు, మనకి సన్నగా ఎర్రగా కనపడేవి అవే. వెలుగు దూరం పోయేకొద్దీ ఎంత తొందరగా చచ్చిపోతుందంటే దూరం పదింతలైతే వెలుగు వందో వంతుకి పడిపోతుంది. కెమెరాకి అడుగు దూరంలో పెంకు అంచు ఉంటే, గేటు ఇరవై అయిదు అడుగుల దూరంలో ఉంటే, పెంకు మీద పడే వెలుగు ముందు గేటు మీద పడేది ఏపాటి చెప్పండి. కెమెరా ఆ పెంకు మెరుపు చూసి అమ్మో ఎక్కువైంది అని మొత్తం బొమ్మని తగ్గించేస్తుంది, దాంతో పెంకు బాగా వస్తుంది, మనిషి మాయమైపోతాడు. చూరు కిందే కాదు, సన్‌షేడ్ కిందకి బాగా పైకి ఆనించి పెట్టినా, గోడకి మరీ దగ్గరగా పక్కకి తిప్పి పెట్టినా, ముందర ఒక కొబ్బరాకు వేలాడుతున్నా ఇదే గొడవ. మీ ఇంట్లో రాత్రి బొమ్మ మసగ్గా పొగమంచు పట్టినట్టు ఉంటే కెమెరా మార్చేముందు ఒకసారి బొమ్మ అంచుల్లో ఏం మెరుస్తోందో చూసుకోండి.

మొదట బిగించినవాళ్ళకి ఫోన్ చేస్తే ఇదిగో వస్తాం అదిగో వస్తాం అని నెల తిప్పారు, ఈలోపు వానలు పడ్డాయి, సన్‌షేడ్ కెమెరా రెండో వానకే పోయింది. అప్పుడు మా మేనమామగారు అమలాపురంలో ఒక కుర్రాణ్ణి చెప్పారు, పాతికేళ్ళుంటాయేమో, ఐటీఐ చదివి సొంతంగా ఈ పని చేసుకుంటున్నాడు. ఫోన్లో మొత్తం విని, "ఆయ్, పగలొచ్చి చూస్తే ఏం తెలదండి, చీకటడ్డాక వస్తాను, మీరు ఊళ్ళో ఉన్నప్పుడు చెప్పండి" అన్నాడు. నాకు ఆ ఒక్క మాటతోనే నమ్మకం కుదిరింది.

ఆగస్టులో నేను వెళ్ళినప్పుడు సాయంత్రం ఏడింటికి బండి మీద వచ్చాడు. చేతిలో డ్రిల్లింగ్ మిషను లేదు, ఒక చిన్న బ్యాటరీ, ఒక కెమెరా, దానికి తగిలించుకునే టెస్టర్ స్క్రీను. అమ్మని "పిన్నిగారూ, మావిడికాయలు కోసే దోటి ఉందాండి" అని అడిగాడు. దోటి చివర కెమెరాని ఇన్సులేషన్ టేపుతో కట్టాడు, బ్యాటరీ జేబులో పెట్టుకున్నాడు, దోటి పైకెత్తి చూరు కింద ఒక చోట పట్టుకున్నాడు, స్క్రీను నా చేతికిచ్చి "ఇప్పుడు చూడండి" అన్నాడు. తెల్ల మెరుపు. జానెడు కిందకి దించాడు. మెరుపు సగం పోయింది. ఇంకో జానెడు దించి పెంకు అంచు కన్నా నాలుగు వేళ్ళు ముందుకి తెచ్చాడు. అంతే, గేటు కనపడింది, గేటు పక్కన మందారం చెట్టు కనపడింది, గేటు దగ్గర నిలబడ్డ నాన్నగారి కళ్ళజోడు కనపడింది. జూన్ నుంచి నేను చూడాలనుకున్న బొమ్మ అది. ఆ చోట గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు. అలా ఇంటి చుట్టూ తిరిగి అన్ని చోట్లా దోటి పెట్టి చూసి, కొలతలు రాసుకుని, ఏ బ్రాకెట్లు తెప్పించాలో ఫోన్లో ఫొటోలు చూపించి వెళ్ళాడు, ఆ రోజుకి ఒక్క రూపాయి తీసుకోలేదు. ఏ ఊళ్ళో పెట్టించుకున్నా సరే, బెజ్జం కొట్టకముందు రాత్రి పూట ఇలా ఒకసారి పట్టుకుని చూపించమని అడగండి.

ఇంక బ్రాకెట్లు ఒక్కోటి.

చూరుకి వాడింది పైపు బ్రాకెట్టు, పైన చదరంగా ఒక ప్లేటు, కింద అడుగు పొడుగు పైపు, పైపు చివర కెమెరా కూర్చునే గిన్నె లాంటిది. 520 రూపాయలు పడింది. దీని ఇబ్బంది ఏంటంటే చూరు దగ్గర గట్టిగా పట్టుకునే చోటు వాసం చివర తప్ప ఇంకోటి లేదు, మావి తాటి వాసాలు, ఎనభై ఏళ్ళవి, ఇనుములాగ ఉంటాయి గానీ చివర్లో స్క్రూ నేరుగా తోస్తే నిలువునా చీలిపోతాయి. నాన్నగారికి అసలు వాసానికి బెజ్జం పెట్టడం ఇష్టం లేదు. కుర్రాడు ఆలోచించి వాసం చుట్టూ యూ క్లాంపు వేసి, లోపల సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, ఆ క్లాంపుకి ప్లేటు బిగించాడు, వాసానికి గీత కూడా పడలేదు. రీపరుకి మాత్రం ఎవరినీ ఎప్పుడూ బిగించనివ్వకండి, అది పెంకుల బరువు మోయడానికి వేసిన సన్న కర్ర, పిల్లి పరిగెత్తినా అదురుతుంది. అలాగే ముందుకి తెచ్చేం కదా, ఏటవాలు వాన నేరుగా అద్దం మీద పడుతుంది, అది తప్పదు, మరీ జోరుగా కురిసేటప్పుడు గంటో రెండు గంటలో బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉంటుంది, చూరు లోపలికి పెట్టుకుని రోజూ రాత్రి ఏమీ కనపడకుండా ఉండేకన్నా ఇది వెయ్యి రెట్లు నయం. మా చూరు ఎత్తు ఆరున్నర అడుగులే, చేతికి అందుతుంది, కర్రతో కొట్టొచ్చు కదా అని నాకు భయం ఉండేది. కానీ ఆ ఎత్తులో మొహాలు ఎదురుగా వస్తాయి, పన్నెండు అడుగుల మీద పెడితే వచ్చేవన్నీ నడినెత్తులూ టోపీలే. అందేలా ఉన్నదాన్ని కాపలా కాసేలా ఇంకో కెమెరా చూపులో ఉంచుకోవాలి, మేం మూల కెమెరా చూపులో దీన్ని ఉంచాం.

ఈ చోట బుల్లెట్ తీసేసి గుండ్రంగా కనుగుడ్డులా ఉండే టరెట్ పెట్టించాడు. షాపుల్లో దీన్నీ డోమ్ అనే ఇచ్చేస్తారు, కానీ డోమ్‌కి ముందు గాజులా కనపడే బుడగ ఉంటుంది, టరెట్‌కి ఉండదు. బుడగ మీద దుమ్మూ, ఉప్పు గాలీ పట్టిందంటే రాత్రి లైటు ఆ బుడగలోనే కొట్టుకుంటుంది. బుల్లెట్‌లో లైట్లు లెన్సు చుట్టూ ఉంటాయి, పురుగులు చేరి, వాటి కోసం సాలీడు చేరి సరిగ్గా లెన్సు మీదే గూడు కడుతుంది, ఒక్క దారం అడ్డొచ్చినా రాత్రి ట్యూబులైటులా వెలుగుతుంది. టరెట్‌లో లైటు ఒక పక్కకి ఉంటుంది కాబట్టి చూరు కింద అదే నయం. నేను మూడు నెలలు రెండూ పక్కపక్కన చూసి చెప్తున్నాను.

మూల బ్రాకెట్టు నాకు అన్నిటికన్నా నచ్చింది, 640 రూపాయలు. రెండు రెక్కలు తొంభై డిగ్రీలకి మడిచి ఉంటాయి, గోడ మూలని రెండు పక్కలా కావలించుకున్నట్టు కూర్చుంటుంది, ముందర చదరపు ప్లేటు, దానికి అన్ని రకాల బెజ్జాలూ ఉన్నాయి. మొదట కెమెరా మూలకి ఇవతల గోడ మీద ఉన్నప్పుడు సగం బొమ్మ మా గోడే, సందు అసలు కనపడేది కాదు. ఇక్కడ ఒక లెక్క అర్థం చేసుకోవాలండి. ఇంటి బయట మూల నుంచి చూడాల్సింది 270 డిగ్రీలు, 2.8 ఎంఎం లెన్సు చూసేది సుమారు 105. మూలన ఒక్క కెమెరా పెట్టి ఏటవాలుగా తిప్పితే వీధి కొంచెం, సందు కొంచెం వస్తాయి గానీ రెండు గోడల పక్కనుంచి ఒదిగి వచ్చే మనిషి రాడు, దొంగ వచ్చేది గోడ పక్కనుంచే. తిరిగే వైఫై కెమెరా ఒకటి పెడితే సరిపోతుంది కదా అని మా బావమరిది అన్నాడు, అది ఒకసారి ఒక వైపే కదా చూస్తుంది, వీధి చూస్తున్నప్పుడు సందులో ఏం జరిగినా దానికి తెలీదు. అందుకని ఒకే మూల బ్రాకెట్టు మీద రెండు బుల్లెట్లు పెట్టించాను, ఒకటి వీధి గోడ వెంట, ఒకటి సందు వెంట. మొదట్లోనే 8 చానెళ్ళ డీవీఆర్ కొన్నాం కాబట్టి అయిదో కెమెరాకి చోటు ఉంది, మీరు కూడా నాలుగే పెడుతున్నా ఎనిమిదిదే కొనుక్కోండి.

మూలకి బెజ్జాలు కొట్టేటప్పుడు మాత్రం ఓపిక కావాలి. అంచుకి మరీ దగ్గరగా కొడితే ఇటుక పెచ్చు ఊడి చేతికొస్తుంది, కనీసం రెండంగుళాలు లోపలికి ఉండాలి, ఈ బ్రాకెట్టు రెక్కలు వెడల్పుగా ఉండబట్టి ఆ దూరం కుదిరింది, చిన్న రెక్కలవి 300కే దొరుకుతాయి గానీ వద్దు. స్లాబు గది సిమెంటు గోడ కాబట్టి హ్యామర్ డ్రిల్లు వాడాడు. పెంకుటింటి వైపు సున్నం గోడ, అక్కడ హ్యామర్ వేస్తే అయిదు రూపాయల బిళ్ళంత బెజ్జం పెట్టబోతే లోటా పట్టేంత గొయ్యి పడుతుంది, ప్లాస్టిక్ ప్లగ్గు వేలితో లాగితే వచ్చేస్తుంది. అక్కడ హ్యామర్ ఆపేసి, మామూలు తిప్పుడుతో, సున్నం కీలులో కాకుండా ఇటుక మధ్యలో చూసి, ముందు సన్న బిట్టుతోనూ తర్వాత లావు బిట్టుతోనూ కొట్టాడు. కింద అమ్మ పాత దుప్పటి పరిచింది, ఎర్రమట్టి పొడి రాలుతుంటే ఇటుక తగిలింది, తెల్లగా రాలుతుంటే సున్నం తగిలింది అని ఆ పొడి రంగు చూసి చెప్పాడు. అది నేను ఎక్కడా చదవలేదు.

కొబ్బరిచెట్టు కెమెరా విప్పించేశాం. దాని బదులు వెనక వసారా స్తంభానికి పోల్ క్లాంపు వేశాడు, అంటే ఒక ప్లేటు, రెండు స్టీలు పట్టీలు, గ్యాసు పైపుకి వేసే క్లిప్పు లాగ స్క్రూ తిప్పితే బిగుసుకుంటాయి. 380 రూపాయలు. ఆ స్తంభాలు చెక్కిన టేకువి, వాటికి మేకు తగిలిస్తే నాన్నగారు ఊరుకోరు, పట్టీకి చెక్కకి మధ్య రబ్బరు పెట్టి బిగించాడు. అక్కడి నుంచి నుయ్యి, కొత్త మోటారు, కొబ్బరికాయల రాశి మూడూ ఒకే చూపులోకి వచ్చాయి. దీని గురించి చెప్పడానికి ఇంకేం లేదు, చెప్పిన పని చేస్తోంది.

సన్‌షేడ్ కింద చచ్చిపోయిన కెమెరా విప్పి చూపించాడు. కెమెరా కాదండి పోయింది, జాయింటు. వెనక తోకలో బొమ్మ వెళ్ళే బీఎన్సీ పిన్ను, కరెంటు వచ్చే డీసీ పిన్ను రెండూ బయటే వదిలేసి నల్ల టేపు చుట్టారు, గోడ బెజ్జం బయట నుంచి లోపలికి దిగువగా ఉంది, వాన నీళ్ళు కేబులు పట్టుకుని నేరుగా జాయింటులోకి, అక్కణ్ణుంచి గోడలోకి దిగాయి. టేపు విప్పితే పిన్ను మీద పచ్చగా చిలుం పట్టి ఉంది, వేలితో రుద్దితే పొడి రాలింది. కెమెరా మీద ఐపీ66 అని ఉంటుంది, గట్టిగా నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుందని, ఐపీ67 అయితే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా ఏం కాదని, అదంతా డొక్కుకే, తోక జాయింటుకి కాదు. ఇప్పుడు చదరపు జంక్షన్ బాక్సు పెట్టాడు, 110 రూపాయలు, రెండు జాయింట్లూ దాని లోపల. కొత్త బెజ్జం బయటికి వాలుగా కొట్టాడు, కేబులు బాక్సులోకి వెళ్ళేముందు కిందకి ఒక ఒంపు వదిలాడు, నీళ్ళు ఆ ఒంపు దగ్గర చుక్కగా రాలిపోతాయి. బాక్సు చుట్టూ సిలికాన్ పై వైపూ రెండు పక్కలా పట్టించి కింద మాత్రం వదిలేశాడు. కింద కూడా మూసెయ్యొచ్చు కదా అంటే, "ఎక్కడో అక్కణ్ణుంచి తేమ చేరక మానదండి, చేరింది బయటికి పోవాలి కదా" అన్నాడు. సన్‌షేడ్‌కి పైనుంచి కిందకి బెజ్జం కొట్టి కేబులు దింపుతామంటే మాత్రం ఎవరన్నా సరే ఆపండి, స్లాబులో ఊచకి నీళ్ళు తగులుతాయి, సముద్రం దగ్గర ఇళ్ళలో ఆ ఊచ ఉబ్బి పెచ్చులు ఊడటం మనం చూస్తూనే ఉన్నాం.

లెన్సు గురించి ఒక మాట, ఇది తెలియక నేను మొదట తప్పు కొన్నాను. 2 మెగాపిక్సెల్ బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు, అంటే పిక్సెళ్ళు. కొత్త మనిషి మొహం గుర్తుపట్టాలంటే అంతర్జాతీయ లెక్క ప్రకారం మీటరు వెడల్పుకి 250 చుక్కలు కావాలి, తెలిసిన మనిషిని ఫలానా అని పోల్చుకోవడానికి 125 చాలు. 1920ని 250తో భాగిస్తే ఏడున్నర మీటర్ల పైచిలుకు, అంటే బొమ్మలో అడ్డంగా అంత కన్నా ఎక్కువ వెడల్పు పట్టిందంటే మొహం తేలదు. 2.8 లెన్సుతో మూడు మీటర్ల దూరంలోపే ఆ వెడల్పు దాటిపోతుంది. మా గేటు ఇరవై అయిదు అడుగులు, అక్కడ మీటరుకి వంద చుక్కలు కూడా రావు, ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఎవరో తెలీదు. అదే 6 ఎంఎం లెన్సు అయితే చూపు సుమారు 50 డిగ్రీలకి సన్నబడుతుంది, గేటు దగ్గర మళ్ళీ 250 చుక్కలకి వస్తుంది. అందుకే చూరు దగ్గర గేటు వైపుకి 6 పెట్టాం, మిగతావి 2.8. మెగాపిక్సెళ్ళు పెంచమని షాపువాడు చెప్తాడు, అంతకన్నా ముందు టేపు పట్టుకుని దూరం కొలుచుకోండి. కొత్తగా కొనేవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోండి, 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకి భద్రత పరీక్షలు తప్పనిసరి చేశారు, పాత స్టాకు చవగ్గా అంటగట్టేవాళ్ళుంటారు, ఆ సర్టిఫికేట్ ఉందా అని అడిగి తీసుకోండి.

సందు కెమెరా బిగించాక మొదటి రోజే అమ్మ ఫోన్లో చూసి, "ఒరేయ్, పక్కింటి వాళ్ళ స్నానాల గది తలుపు కనపడుతోంది, వాళ్ళ కోడలు వెళ్ళేదీ వచ్చేదీ మన ఫోన్లో పడకూడదు" అంది. నాకు తట్టనే లేదు. కుర్రాడు కెమెరాని ఇంకొంచెం గోడ వైపుకి తిప్పి, అయినా మిగిలిన ముక్కని డీవీఆర్ మెనూలో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, దాంతో నల్లగా మూసేశాడు. తర్వాత పక్కింటి బాబాయిగార్ని పిలిచి స్క్రీను చూపించాం, ఆయన చూసి, మా గేటు కూడా కొంచెం పడేలా పెట్టండి బాబూ అన్నారు. మూలన పెట్టే ప్రతి కెమెరా పక్కవాళ్ళ ఇంట్లోకి ఎంతో కొంత చూస్తుంది, ముందే వాళ్ళని పిలిచి చూపించుకోవడం మంచిది.

తర్వాత అసలు పరీక్ష వచ్చింది. అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర్లో తీరం దాటింది, మా ఊరు ఆ గాలి మొత్తం తిన్నది. అమ్మా నాన్నగారూ స్లాబు గదిలో ఉన్నారు, నేను హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. కరెంటు సాయంత్రమే తీసేశారు, డీవీఆరూ రౌటరూ ఇన్వర్టర్ మీద నడిచాయి. మూల బ్రాకెట్టు మీద రెండు కెమెరాల్లోనూ బొమ్మ ఇసుమంత కూడా కదల్లేదు, సందులో నీళ్ళు పారడం, ఎవరిదో రేకు ఎగిరి వచ్చి పడటం అన్నీ కనపడ్డాయి. చూరు కెమెరా బొమ్మ అదురుతూ అదురుతూ మెల్లగా పక్కకి తిరగడం మొదలెట్టింది, గేటు పోయి మందారం వచ్చింది, మందారం పోయి అరుగు వచ్చింది. పదిన్నరకి నెట్ పోయింది. తెల్లారి నాన్నగారి ఫోన్ కలిసేదాకా నాకు ఆ ఆఖరి బొమ్మే కళ్ళముందు ఉంది. వాళ్ళకేం కాలేదు, పెంకులు కొన్ని లేచాయి, మూడు చెట్లు పడ్డాయి, అందులో ఒకటి జూన్‌లో కెమెరా కొట్టిన చెట్టు.

నవంబర్‌లో కుర్రాడు మేం పిలవకముందే వచ్చి అన్నీ విప్పి చూశాడు. సన్‌షేడ్ బాక్సు లోపల పొడిగా ఉంది, రెండు బల్లిగుడ్లు ఉన్నాయి, వాటిని తీసి పక్కన పెట్టి మళ్ళీ మూశాడు. క్లాంపు, వాసం బాగానే ఉన్నాయి, తిరిగింది పైపే, గిన్నె దగ్గర ఒకే ఒక్క బోల్టు ఉంది, గాలికి అది వదులైంది. బ్రాకెట్లతో పాటు కవర్లో వచ్చిన జీఐ స్క్రూలు, అంటే జింకు పూత వేసిన ఇనుపవి, రెండు చోట్ల వాడాం, రెండు నెలలకే తుప్పు పట్టి తెల్లగోడ మీద కాఫీ మరకల్లా చారలు దిగాయి. మిగతాచోట్ల తను తెచ్చిన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేశాడు, వాటి తలల మీద సన్నటి చుక్కలున్నాయి గానీ గుడ్డతో తుడిస్తే పోయాయి. సముద్రానికి ఇంత దగ్గరైతే 316 రకం ఇంకా మంచిదట, అమలాపురంలో దొరకలేదు. మీరు తీరం వైపు వాళ్ళయితే కవర్లో వచ్చిన స్క్రూలు అసలు వాడొద్దు.

ఖర్చు చెప్తాను. మూల బ్రాకెట్టు, పైపు బ్రాకెట్టు, పోల్ క్లాంపు, బాక్సులు, యూ క్లాంపు, స్టీలు స్క్రూలు, సిలికాన్ అన్నీ కలిపి రెండు వేల మూడొందలు. కుర్రాడు కెమెరాకి 500 చొప్పున రెండున్నర వేలు తీసుకున్నాడు, తుపాను తర్వాత వచ్చినదానికి ఎంత చెప్పినా పెట్రోలు డబ్బులు తప్ప తీసుకోలేదు. టైముకి రావడంలో మాత్రం కొంచెం ఇబ్బంది పెట్టాడు, పొద్దున వస్తానని మధ్యాహ్నం వచ్చాడు, రెండు రోజుల పని నాలుగు రోజులైంది, సెలవు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు అది చూసుకోవాలి. పని విషయంలో వంక లేదు, అయిదుకి అయిదు. మూల బ్రాకెట్టుకీ అయిదు. పోల్ క్లాంపుకి నాలుగున్నర, పట్టీ చివర కోసినచోట పదునుగా ఉంది, పిల్లలుండే ఇళ్ళలో ఆ కొస మడిచి టేపు చుట్టండి. పైపు బ్రాకెట్టుకి మూడే, ఒక్క బోల్టు మీద కెమెరా నిలబెట్టడం తయారుచేసినవాళ్ళ తప్పు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ గిన్నెకి పక్కన ఇంకో బెజ్జం కొట్టించి రెండో బోల్టూ, స్ప్రింగు వాషరూ వేయించాను, చేత్తో గట్టిగా తిప్పి చూశాను, కదల్లేదు. అమ్మ బూజుకర్ర చివర పాత నూలు చీర ముక్క కట్టుకుంది, ఉత్త బూజుకర్ర అయితే లెన్సు గీసుకుపోతుందని కుర్రాడు చెప్పాడట, పదిహేను రోజులకోసారి దాంతో సాలెగూళ్ళు దులుపుతోంది. నిన్న దులుపుతూ కెమెరాలోకి చూసి "కనపడుతున్నానా" అంది. మొహం నిండుగా కనపడిందమ్మా అని ఫోన్ చేసి చెప్పాను.